టీచరమ్మ మోకాళ్ళు

రిటైరైన టీచర్ల బృందాన్ని తిప్పడమంటే డ్రైవరుకి ఒక విధంగా సుఖమే. తాగి రభస చెయ్యరు, పాటల సౌండు పెంచమని పీకల మీద కూర్చోరు, చెప్పిన వేళకి పది నిమిషాల ముందే సీట్లలో ఉంటారు. కాకపోతే ప్రతి ఒక్కరూ అతనికి ఏదో ఒకటి నేర్పకుండా ఉండలేరు. ఆ రోజు పొద్దున్న బస్సు ఊరి పొలిమేర దాటకముందే ఒకాయన గేరు ఎప్పుడు మార్చాలో చెప్పాడు. ఇంకొకావిడ హారను ఎందుకు కొట్టకూడదో చెప్పింది. వెనక సీట్లోంచి ఎవరో అద్దం మీద రాసిన అక్షరాల్లో దీర్ఘం ఎగిరిపోయిందని ఎత్తి చూపారు. డ్రైవరు అన్నిటికీ "అలాగేనండీ" అన్నాడు. పద్నాలుగేళ్ళుగా టూరిస్టు బస్సు నడుపుతున్నవాడికి ఆ మాట నోటికి అలవాటైపోయింది.

అతని తల పైన, అద్దానికి పక్కగా, అరచేతిలో ఇమిడేంత నల్లడబ్బా ఒకటుంది. దానికో ఎర్రచుక్క. ఆ చుక్క వెలుగుతున్నంతసేపూ ట్రావెల్సు ఓనరు ఎక్కడ కూర్చునైనా తన ఫోనులో బస్సు లోపలంతా చూడగలడు. అది వచ్చిన నెలలోనే క్లీనరు ఉద్యోగం ఊడింది. "కెమెరా ఉండగా ఇంకో మనిషి దేనికి?" అన్నాడు ఓనరు. దాంతో అద్దాలు తుడవడం, సామాన్లు ఎక్కించడం, ఇనప రాడ్డుతో టైర్లు కొట్టి చూడడం, బస్సు ఆగినచోట సామాన్లకి కాపలా కాయడం, అన్నీ డ్రైవరు నెత్తిన పడ్డాయి. ప్రయాణికులు దిగి ఎక్కడెక్కడ తిరిగొచ్చినా అతను మాత్రం బస్సుకి ఇరవై అడుగులు దాటి పోకూడదు. ఇరవై ఒకటో అడుగుకి ఫోను మోగుతుంది.

మూడు రోజుల యాత్ర అది. మొదటి రోజంతా ప్రయాణం, రాత్రికి కొండ కింద లాడ్జిలో మకాం. రెండో రోజు పాత టపా దారిలో నడిచి ఏనుగు మాను అనే పెద్ద చెట్టుని చూడడం. మూడో రోజు కోట ఎక్కి దిగి ఇంటిదారి పట్టడం. బృందానికి పెద్ద డ్రాయింగు మాస్టారు. బట్టతల, పెద్ద గొంతు, చేతిలో ఎప్పుడూ పేర్ల జాబితా. ఆయన తర్వాత అందరూ గౌరవించే మనిషి రెండో వరసలో కూర్చున్న హెడ్మాస్టరు. పొడుగాటి మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా. రిటైరై పదేళ్ళయినా ఆయన దగ్గరికి వచ్చేసరికి అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆయన పక్కన ఆయన భార్య. ఆవిడ అదే బడిలో సైన్సు చెప్పిందట. చిన్న మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, ఒళ్ళో గుడ్డసంచీ. ఆవిడ బస్సు ఎక్కుతున్నప్పుడే హెడ్మాస్టరు కింద నించుని అందరికీ వినబడేలా "నెమ్మది, నెమ్మది. నీ మోకాళ్ళు జాగ్రత్త" అన్నాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది.

మధ్యాహ్నం టిఫిను కోసం ఆపినచోట అందరూ దిగి హోటలు వెనక ఉన్న వాగు చూడ్డానికి బయల్దేరారు. హెడ్మాస్టరు నాలుగు అడుగులు వేసి ఆగి వెనక్కి చూశాడు. "మీరు వెళ్ళండి మాస్టారూ. ఈవిడ ఒక్కతే ఉంది" అన్నాడు.

డ్రాయింగు మాస్టారు చేతులు జోడించాడు. "ఏం భర్తండీ మీరు! మేడమ్ గారూ, మీ మోకాళ్ళ మూలాన సారు యాత్రలన్నీ సగంలోనే ఆగిపోతున్నాయి, చూశారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. చక్రాల కింద రాళ్ళు పెడుతున్న డ్రైవరుకి ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోవడం కనిపించింది. అతనికి ఒళ్ళు మండింది. మనిషిని పక్కన పెట్టుకుని ఊరందరికీ ఆవిడ జబ్బు చాటింపు వేస్తే గాని ఈయనకి పొద్దుపోదు కాబోలు అనుకున్నాడు.

లాడ్జిలో గదులన్నీ పైఅంతస్తుల్లో ఉన్నాయి. కింద ఒకే ఒక్క గది. దాన్ని, "మేడమ్ గారి మోకాళ్ళ కోసం", హెడ్మాస్టరు దంపతులకి ఇచ్చారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ డ్రైవరు మెట్ల కింద తన సంచీ సర్దుకుంటుంటే పైనుంచి చకచకా అడుగుల చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే టీచరమ్మ. రెండో అంతస్తు నుంచి బకెట్టు నిండా పొగలు కక్కే నీళ్ళు పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, చుక్క ఒలక్కుండా, కడ్డీ అయినా ముట్టుకోకుండా దిగిపోతోంది. కింది మెట్టు మీద అతన్ని చూసి ఠక్కున ఆగింది.

"కింద గదిలో వేణ్ణీళ్ళు రావడం లేదు నాయనా" అంది.

"నన్ను పిలిస్తే నేను తెచ్చేవాణ్ణి కదమ్మా. ఎవరికి నీళ్ళు?"

"నాకే. మోకాళ్ళకి కాపడం పెట్టుకోవాలి."

గది తలుపు సందులోంచి హెడ్మాస్టరు గొంతు వినిపించింది. "ఎంతసేపే?" ఆవిడ బకెట్టుతో లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. డ్రైవరు అక్కడే నించుండిపోయాడు. అతని తల్లికి మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆవిడ ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని, పసిపిల్లలా దిగుతుంది. ఈవిడ దిగిన తీరు అలా లేదు. మరి ఏ జబ్బూ లేని మనిషిని జబ్బుమనిషిని చేసి కూర్చోబెట్టడం ఎందుకు? అతనికి తోచిన సమాధానం ఒక్కటే. కొందరు మగవాళ్ళకి పెళ్ళాం గడప దాటితే గిట్టదు. అంత చదువుకున్నవాడు కాళ్ళకి తాడు కట్టకుండా మాటతోనే కట్టేశాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా బస్సు టపా దారి మొదట్లో ఆగింది. అక్కడ ఒక చదునైన మైదానం, ఒక టీకొట్టు, ఒక బోర్డు. రైలు రాకముందు ఉత్తరాల మూటలు మోసే మనుషులు కొండకి అటూ ఇటూ పరిగెత్తిన దారి అదేనని బోర్డు మీద రాసుంది. మూటతో పరిగెత్తేవాడికి ఆయాసం రాకూడదని కొండని ఎక్కకుండా నడుం చుట్టూ తిప్పి రాళ్ళు పరిచారు. రాను పోను అయిదు కిలోమీటర్లు. పిల్లలూ పెద్దవాళ్ళూ కూడా హాయిగా నడవగలరు. చివర్లో ఏనుగు మాను. వాన పడితే మూటలతో సహా ఆ మాను తొర్రలో దూరి కూర్చునేవారట.

డ్రాయింగు మాస్టారు పేర్లు పిలిచి అందర్నీ వరసలో నిలబెట్టాడు. హెడ్మాస్టరు భార్య వైపు తిరిగి "నువ్వు బస్సులోనే ఉండు. నీ వల్ల కాదు" అన్నాడు. "సరేనండీ" అంది ఆవిడ. ఆయన కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ అందరికంటే ముందు నడిచి వెళ్ళాడు.

డ్రైవరు ముందు అద్దం తుడిచాడు. పక్క అద్దాలు తుడిచాడు. టైర్లు కొట్టి చూశాడు. వెనక కుడివైపు టైరులో ఇరుక్కున్న రాయిని స్క్రూడ్రైవరుతో పెకలించాడు. టీకొట్టు ఆవిడ గ్లాసు చేతికిస్తూ, "ఈసారైనా ఆ మాను మొహం చూసొస్తావా, లేకపోతే అది చచ్చాక వస్తావా?" అంది. పద్నాలుగేళ్ళ నుంచీ ఆవిడ అదే మాట అడుగుతోంది. అతను రెండో గ్లాసు తీసుకుని బస్సెక్కి టీచరమ్మకి ఇచ్చాడు.

ఆవిడ కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో ఏదో గీస్తోంది. లావుపాటి మొదలు, పైన పొట్టిపొట్టి కొమ్మలు. వేళ్ళు పైకి పెట్టి తలకిందులుగా నాటినట్టుంది.

"అదేనా అమ్మా ఆ చెట్టు?"

"ఇరవయ్యెనిమిదేళ్ళు బోర్డు మీద వేశాను నాయనా, ఎనిమిదో తరగతి వాళ్ళకి. పుస్తకంలో బొమ్మ చూసి వెయ్యడమే. ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేచి, టీచర్, మీరు చూశారా అని అడిగేవాడు. చూస్తాలేరా అనేదాన్ని."

"నేనూ చూళ్ళేదమ్మా. కొన్ని వందలమందిని తెచ్చి ఇక్కడ దింపుంటాను."

"అదేమిటి? ఇంత దగ్గరికొచ్చి?"

"ఇది రాకముందు ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నానమ్మా" అంటూ అతను గెడ్డంతో కెమెరాని చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని ఆ ఎర్రచుక్కని కాసేపు పరీక్షగా చూసింది. "ఇప్పుడు మనం మాట్లాడేది కూడా వినిపిస్తుందా?"

"వినిపించదు. కనిపిస్తుందంతే."

"నయమే" అంది.

ఆ చనువుతో అతను రాత్రి నుంచీ నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు. "నిన్న మీరు మెట్లు దిగింది చూశానమ్మా. మీ మోకాళ్ళకి ఏమీ లేదు. సారు అన్నారని మీరిలా కూర్చుండిపోవడం ఏమీ బాలేదు."

ఆవిడ మొహం మాడిపోయింది. "నీకెందుకయ్యా?" అంది.

నిజమే, నాకెందుకు అనుకుని అతను తన సీట్లోకి వెళ్ళిపోయాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆవిడ చేతి గడియారం చూసుకుంది. లేచి ముందుకొచ్చి మెట్ల దగ్గర నించుని దారి మలుపు వైపు చూసింది. మళ్ళీ వెళ్ళి కూర్చుంది. మళ్ళీ లేచింది. కాలుగాలిన పిల్లిలా అలా నాలుగుసార్లు తిరిగింది.

"ఇంకా రాలేదేమిటి? ఈపాటికి వచ్చెయ్యాలే" అంది తనలో తను.

"అప్పుడే ఎలా వస్తారమ్మా? రాను పోను రెండు గంటలు."

ఆవిడ అతని మాట వినిపించుకోలేదు. వంగి చెప్పుల బెల్టు బిగించుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. "నేనలా వెళ్ళొస్తాను నాయనా" అంటూ దిగేసింది.

తన మాట పనిచేసిందని డ్రైవరు పొంగిపోయాడు. ఆ క్షణంలో అతనేం ఆలోచించాడో తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా అతనికే తెలియలేదు. మెడలో తువ్వాలు తీసి అద్దం తుడుస్తున్నట్టు పైకి చెయ్యి చాపి, దాన్ని కెమెరా మీద పడేశాడు. తలుపు తాళం వేశాడు. టీకొట్టు ఆవిడకి "బండి చూస్తూండు" అని కేకేసి పరుగెత్తాడు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తూండిపోయింది.

దారి నిజంగానే తేలిక. ఎన్నో వేల అరికాళ్ళు ఆని పరిచిన రాళ్ళు మధ్యలో గిన్నెల్లా గుంటలు పడ్డాయి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, పైన కొమ్మల నీడ. టీచరమ్మ అతనికంటే ముందు, దాదాపు పరుగులాంటి నడకతో పోతోంది. ప్రతి మలుపు దగ్గరా మెడ చాచి అవతలికి చూస్తోంది. ఎంత ఆత్రం పాపం అనుకున్నాడు డ్రైవరు. అప్పుడే జేబులో ఫోను గిజగిజలాడింది. అతను చెయ్యి కూడా పెట్టలేదు. ఆగింది. మళ్ళీ మొదలైంది.

మూడో మలుపు తిరిగితే ఎదురుగా ఒక రాతి అరుగు, దాని మీద హెడ్మాస్టరు కనిపించాడు. ఒక్కడే ఉన్నాడు. బూట్లు, మేజోళ్ళు విప్పేసి పక్కన పెట్టుకున్నాడు. పాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని రెండు చేతులతోనూ పిక్కలు పిసుక్కుంటున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మొహం బూడిద పులుముకున్నట్టుంది.

డ్రైవరు టీచరమ్మ వైపు చూశాడు. అప్పుడు అతనికి ఒక వింత కనిపించింది. అంతదాకా లేడిలా వచ్చిన మనిషి ఒక్కసారిగా కుడికాలు ఈడుస్తోంది. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించింది. "అమ్మయ్యో, నా వల్ల కాదు బాబూ. ఈ మోకాలొకటి నా ప్రాణానికి" అంటూ కుంటుకుంటూ కుంటుకుంటూ వెళ్ళి భర్త పక్కన అరుగు మీద కూలబడింది.

హెడ్మాస్టరు తలెత్తలేదు. పైన ఏదో పిట్ట ఆపకుండా కూస్తోంది.

"కుంటకు" అన్నాడాయన.

"ఏమిటండీ?"

"చాల్లే. కుంటకు. ఆ మలుపు దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. పడుచుపిల్లలా వచ్చావు."

డ్రైవరు అక్కడినుంచి ఎటు పోవాలో తెలియక కొండవైపు తిరిగి నించున్నాడు. అతనికి చెవులు కాలిపోతున్నాయి. నిన్నటి బకెట్టు ఎవరి కోసమో ఇప్పుడు అర్థమైంది. వాగు దగ్గర ఆయన నాలుగు అడుగులకే ఎందుకు ఆగాడో అర్థమైంది. ఆ జాలి నవ్వులన్నీ ఎవరి బదులు ఎవరు భరిస్తున్నారో కూడా అర్థమైంది. తను పొద్దున్న ఆవిడకి చెప్పిన నీతులు గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఎక్కువగా ఉందా?" అని అడిగింది టీచరమ్మ.

"ఈసారి తొందరగా పట్టేసింది. లేచి వెనక్కి రాబోతే అడుగు పడలేదు."

ఆవిడ సంచీలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. కింద కూర్చుని ఆయన పిక్క మీద చెయ్యి వెయ్యబోయింది. ఆయన ఆవిడ చెయ్యి పక్కకి నెట్టాడు. కసిరినట్టు కాదు. అయినా నెట్టాడు.

"నువ్వెళ్ళు. వెళ్ళి చూసిరా."

"మీ కాళ్ళో?"

"ఎక్కడికీ పోవు. పోగలిగితే ఈ బాధే లేదుగా" అన్నాడు. తర్వాత డ్రైవరు వైపు చూసి, "నువ్వూ వెళ్ళవయ్యా ఆవిడతో" అన్నాడు.

"బండి, సార్..."

"ఇంతదూరం వచ్చేటప్పుడు లేని బండి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

టీచరమ్మ లేచింది. రెండు అడుగులు వేసి ఆగింది. వెనక్కి చూడబోయి చూడకుండా నడిచింది. ఇప్పుడు మలుపుల దగ్గర ఆగడం లేదు.

సగం దారిలో బృందం ఎదురొచ్చింది. డ్రాయింగు మాస్టారు ఆవిణ్ణి చూసి నిలువునా ఆగిపోయాడు. "మేడమ్ గారూ! మీరా! మోకాళ్ళో?"

"ఇవాళ కాస్త ఫర్వాలేదండీ."

"సారు మీ కోసమే వెనక్కి వెళ్ళిపోయారే! కలవలేదా?"

"కలిశారు" అంది. వాళ్ళు ముందుకి సాగిపోయారు. ఇంకో పది నిమిషాల్లో వాళ్ళంతా ఆ అరుగు దగ్గరికి చేరతారని డ్రైవరుకి తెలుసు. ఆవిడకీ తెలుసు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, వాళ్ళు పోయిన వైపే చూసింది. ఇప్పుడు పరుగెత్తితే వాళ్ళకంటే ముందు చేరుకోవచ్చు. మళ్ళీ కుంటవచ్చు.

"పద నాయనా" అంది ఆవిడ, చెట్టువైపు తిరిగి.

ఏనుగు మాను చెట్టులా లేదు. చెట్ల మధ్య ఏదో పెద్ద జంతువు వచ్చి పడుకున్నట్టుంది. బూడిదరంగు బెరడు ముడతలు ముడతలుగా వేలాడుతోంది. చుట్టూ ఇనప గొలుసు, దానికి అవతల తొర్ర. మనిషి వంగకుండా దూరొచ్చు. డ్రైవరు అలా చూస్తూండిపోయాడు. ఇన్నేళ్ళూ ఇక్కడినుంచి తిరిగొచ్చినవాళ్ళు బస్సెక్కుతూ "అబ్బో, అబ్బో" అంటుంటే ఏముంటుందిలే అనుకునేవాడు. ఇప్పుడు అతని నోటా అదే వచ్చింది.

టీచరమ్మ మాత్రం అబ్బో అనలేదు. పిల్లాడి హోంవర్కు దిద్దుతున్నట్టు చుట్టూ ఒకసారి నడిచింది. రాలిన ఆకు ఒకటి ఏరి, వేళ్ళు విప్పినట్టు దాని రెబ్బలు విప్పి లెక్కపెట్టింది. "అయిదే" అంది. గొలుసు మీదుగా వంగి బెరడుకి అరచెయ్యి ఆనించింది. "ఎడంవైపు కొమ్మ ఇంత కిందికి వాలుతుందని పుస్తకంలో లేదు. ఇరవయ్యెనిమిదేళ్ళు తప్పుగా వేశాను."

తర్వాత అక్కడే ఒక రాయి మీద కూర్చుంది.

"నాలుగేళ్ళయింది" అంది, అతను అడక్కుండానే. "రెండొందల అడుగులు వేస్తే చాలు, పిక్కలు పట్టేస్తాయి. కూర్చుంటే తగ్గుతుంది. మళ్ళీ రెండొందలు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు. ఒకరోజు లైబ్రరీ మెట్ల దగ్గర కూర్చుండిపోయారు. పాత స్టూడెంటు ఎవడో ఎదురొచ్చి, ఏం సార్ ఇక్కడ కూర్చున్నారు అన్నాడు. ఈయన ఠక్కున, మా ఆవిడకి మోకాళ్ళయ్యా అన్నారు. నేను మోకాలు పట్టుకున్నాను. అంతే. మర్నాటి నుంచీ అది నా జబ్బయిపోయింది."

"మీరెందుకు ఊరుకున్నారమ్మా?"

"ఒక్కసారే కదా అనుకున్నాను." ఆవిడ ఆకుని మడిచింది. "ఇప్పుడు ఎవరింటికెళ్ళినా నాకే కుర్చీ వేస్తారు. పక్కింటావిడ కూరలు కూడా నన్ను తెచ్చుకోనివ్వదు. పొద్దున్నే వాకింగుకి వెళ్ళేదాన్ని, మానేశాను. ఎవరైనా చూస్తారుగా. వంటింట్లో తలుపేసుకుని అటూ ఇటూ నడుస్తాను. నవ్వకేం. ఒక్కోరోజు నిజంగానే నొప్పి పుడుతుంది."

డ్రైవరు నవ్వలేదు. అతని జేబులో ఫోను తొమ్మిదోసారి మోగింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. బృందమంతా బస్సు చుట్టూ నించుని ఉంది. తాళం వేసి ఉన్న తలుపుకి జారబడి హెడ్మాస్టరు నేల మీద కూర్చున్నాడు. ఇద్దరు మాస్టర్లతో కలిసి ఆగి ఆగి వచ్చాడట. వచ్చినవాళ్ళతో ఏం చెప్పాడో గాని, వాళ్ళ మొహాల్లో ఇంకా పాత నవ్వే ఉంది. డ్రాయింగు మాస్టారు టీచరమ్మని చూడగానే చప్పట్లు కొట్టాడు.

"వచ్చారండీ! సారు మీ కోసం అరుగు మీద తపస్సు చేస్తుంటే మీరు మాను దాకా నడిచేశారా? అంటే ఇన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పి నటనన్నమాట! ఎంత గడుసువారండీ మీరు!"

అందరూ ఘొల్లున నవ్వారు. టీచరమ్మ నేల చూపులు చూసింది. ఆవిడ ఏదో ఒకటి చెప్పబోయింది. ఈపాటికి ఆవిడకి ఏదో ఒకటి చెప్పడం అలవాటే.

హెడ్మాస్టరు తలుపు కడ్డీ పట్టుకుని లేచాడు. "మాస్టారూ" అన్నాడు. అసెంబ్లీలో వినిపించే గొంతు అది. నవ్వులు ఆగిపోయాయి. "ఆవిడ మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు. జబ్బు నాది. నేను నడవలేను. నాలుగేళ్ళుగా నడవలేకపోతున్నాను. చెప్పుకోడానికి నామోషీ అయి ఆవిడ మీదకి నెట్టాను. ఎగతాళి చేసేదుంటే నన్ను చెయ్యండి."

తర్వాత ఒక్కసారిగా అందరూ ఆయన చుట్టూ మూగారు. ఒకరు భుజం పట్టుకున్నారు, ఒకరు విసనకర్ర తెచ్చారు, ఒకరు తనకి తెలిసిన డాక్టరు ఊరూ వివరం చెప్పారు. డ్రాయింగు మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంతమందిలో ఆ మాట చెప్పడానికి ఎంత గుండె ఉండాలండీ! మీరు గొప్పవారు సార్. మేడమ్, మీరు అదృష్టవంతులు."

డ్రైవరు తాళం తీశాడు. ఆయన్ని నలుగురు పట్టుకుని ఎక్కించారు. కింద మిగిలిన టీచరమ్మ వైపు ఎవరూ చూడలేదు. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. తప్పయిపోయిందమ్మా అని ఒక్కరూ అనలేదు. ఆవిడ చివరిగా ఎక్కింది. రెండో వరస దాకా వెళ్ళింది. భర్త పక్క ఖాళీని చూసింది. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి, డ్రైవరు పక్కన క్లీనరు కోసం ఉండే ఒంటి సీటు మీద సామాన్లు తీసి కింద పెట్టి కూర్చుంది. బస్సు కదిలింది. కొంతదూరం పోయాక వెనకనుంచి హెడ్మాస్టరు పిలిచాడు.

"ఇదిగో, నీళ్ళు."

"మీ కాళ్ళ దగ్గరే సీసా ఉంది. తీసుకోండి" అంది టీచరమ్మ, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆ సాయంత్రం లాడ్జి వాకిట్లో డ్రైవరు ఓనరుకి ఫోను చేశాడు. "తువ్వాలు దాని మీద ఎలా పడిందిరా?" అన్నాడు ఓనరు.

"నేనే వేశాను సార్."

జారిపడిందని చెబుతాడనుకున్నాడు కాబోలు ఓనరు. "సరే. సోమవారం నుంచి ఫ్యాక్టరీ షిఫ్టు బండి ఎక్కు. టూర్లకి ఇంకొకణ్ణి చూసుకుంటాను" అన్నాడు. ఫ్యాక్టరీ బండి అంటే అదే పదకొండు కిలోమీటర్లు, రోజుకి ఆరుసార్లు, ఏడాది పొడుగునా. "అలాగేనండీ" అన్నాడు డ్రైవరు. ఫోను పెట్టేశాక, ఆ బండిలో కెమెరా ఎక్కడుంటుందో అడగనే లేదే అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే కోట కిందికి చేరారు. కొండ మొదట్లోంచి పై బురుజు దాకా మెట్లు. నాలుగొందల పైచిలుకు. బస్సు అద్దంలోంచి చూస్తే తెల్లటి దారం ఎవరో కొండ మీదినుంచి జారవిడిచినట్టున్నాయి. అందరూ దిగి వరసలో నించున్నారు. హెడ్మాస్టరు దిగలేదు. ఆయన కాళ్ళ కింద ఎవరో తలగడ పెట్టారు. డ్రాయింగు మాస్టారు జాబితా చూసుకుంటూ టీచరమ్మ దగ్గర ఆగాడు.

"మీరు సారుకి తోడుగా బస్సులోనే ఉంటారు కదమ్మా" అన్నాడు. అడిగినట్టు కాదు, రాసుకున్నట్టు. పెన్నుతో పేరు పక్కన గీత కూడా పెట్టేశాడు. "ఈ స్థితిలో ఆయన్ని ఒంటరిగా ఎలా వదిలేస్తాం?"

నిన్నటిదాకా మోకాళ్ళ పేరు చెప్పి కూర్చోబెట్టారు. ఇవాళ ఆయన పిక్కల పేరు చెప్పి అదే సీట్లో కూర్చోబెడుతున్నారు. నిజం బయటపడి ఆవిడకి ఒరిగిందేమిటి అనుకున్నాడు డ్రైవరు.

టీచరమ్మ కిటికీలోంచి భర్త వైపు చూసింది. ఆయన ఆవిణ్ణి చూశాడు. నోరు తెరిచి, వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. నిన్న అంతమందిలో అంత గొంతుతో మాట్లాడిన మనిషికి ఇవాళ మాట రాలేదు. వరసలో వెనక ఉన్నవాళ్ళు విసుగ్గా కదిలారు.

"లేదండీ, నేను ఎక్కుతాను" అంది టీచరమ్మ.

"మేడమ్..."

"ఆయనకి డ్రైవరు తోడున్నాడు. నొప్పి మాత్రలు సంచీలో ఉన్నాయి. పదకొండింటికి ఒకటి. ఆయనకి తెలుసు." ఆవిడ చేత్తోనే డ్రాయింగు మాస్టారు పెన్ను కిందికి వంచి జాబితాలో తన పేరు పక్కన గీతని చూపించింది. "అది కొట్టెయ్యండి."

ఆవిడ ఇంకెవరి కోసమూ ఆగలేదు.

బస్సులో ఇద్దరు మగవాళ్ళే మిగిలారు. పైన ఎర్రచుక్క వెలుగుతోంది. డ్రైవరు అద్దం తుడవడానికి గుడ్డ తీశాడు గాని తుడవలేదు. హెడ్మాస్టరు సీట్లు పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ, ముందుకొచ్చి ఆ ఒంటి సీట్లో కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"నాకు అంత దూరం ఆనదయ్యా" అన్నాడు. "ఆవిడ ఎక్కడుందీ?"

"మొదటి మలుపు దాటారు సార్. ముదురాకుపచ్చ చీర."

"కూర్చుందా?"

"లేదు సార్."

హెడ్మాస్టరు తల ఊపాడు. ఎండ అద్దం మీదికి ఎక్కుతోంది. బృందంలో సగంమంది మండపం నీడలో ఆగిపోయారు. డ్రాయింగు మాస్టారు నడుం పట్టుకుని రొప్పుతున్నాడు.

"ఇప్పుడో?"

డ్రైవరు ముందుకి వంగి, అద్దానికి మొహం దాదాపు ఆనించి చూశాడు. ఆకుపచ్చ చుక్క ఒక్కటే, మిగతా అందరికీ పైన, మెట్ల మధ్యలో కదులుతోంది.

"ఎక్కుతున్నారు సార్" అన్నాడు. "ఒక్కరే ఎక్కుతున్నారు."